హాన్స్ రెనాల్డ్ గారి జీవితచరిత్రము

మన పాఠశాల సైకిళ్ల పాకలో ప్రతిదినము వరుసగా నిలువబెట్టబడు సైకిళ్లను మేము చూచుచునే యున్నాము. వానిలో కొన్నిటి చైనులు నల్లగా నిగనిగలాడుచుండును. ఎక్కువ వానివి త్రుప్పుపట్టి, ఎఱ్ఱమన్ను క్రమ్మి, త్రొక్కినప్పుడెల్ల కిఱ్ఱు కిఱ్ఱుమని మొఱపెట్టుచుండును. ఉపాధ్యాయుల మోటారుసైకిళ్ల స్థితి యంతకంటె మేలని చెప్పజాలము. మా బండియు నా గుంపులోనిదే యని యొప్పుకొనుట న్యాయము. ఈ చైనునకు నేటి రూపమిచ్చిన పురుషు డెవరని తరగతిలో నడిగినప్పుడు ఒక్క విద్యార్థియు చెప్పలేకపోయెను. ఆవిరియంత్ర మనగానే వాట్ అనియు, విద్యుద్దీప మనగానే ఎడిసన్ అనియు తడువుకొనక చెప్పు పిల్లలే వారు. యంత్రశాలలలో పనిచేయువారికి మాత్రము హాన్స్ రెనాల్డ్ గారి పేరు మిక్కిలి పరిచితము. అనేక దేశములలో చైనుల పలకలపై ఆ పేరు నేటికిని ముద్రింపబడి యుండును. కావున ఈ యేటి సంచికలో వారి చరిత్రమును, దానితో కూడ చైను సంగతియు కొంత వ్రాయ తలచితిమి.

రెనాల్డ్ గారు 1852వ సంవత్సరము జూలై 31వ తేదీన స్విట్జర్లండు దేశమున, ఆరె నది యొడ్డున నున్న ఆరౌ పట్టణమునందు జన్మించిరి. ఐన్‌స్టైన్ పండితుడు 1895-96లో చదివిన పాఠశాలయు నీ పట్టణములోనిదే. ఇది ప్రసంగవశమున చెప్పిన మాట. ఆ దేశమునకు సముద్రతీరము లేదు. నేలబొగ్గు బహు స్వల్పము. అట్టి దేశపు ప్రజలు చేతిపనియొక్క సూక్ష్మతనే ధనముగా చేసికొని, గడియారములు చేయుటయందును యంత్రములు కట్టుటయందును పేరు గాంచిరి. వెంట్రుకవాసి తేడా వచ్చినను గడియారము సరిగా నడువదు గదా. ఇట్టి వాతావరణములో పెరిగి, యంత్రవిద్య నభ్యసించిన రెనాల్డ్ గారు 1873లో, ఇరువది యొకటవ యేట, ఇంగ్లండు చేరి, మాంచెస్టరు నగరమున స్థిరపడిరి. అక్కడ నూలుమిల్లుల యంత్రములను విదేశములకు పంపు వర్తకుల సంస్థలో నుద్యోగము చేసిరి.

మాంచెస్టరు నాడు లోకమునకెల్ల ప్రత్తి నగరము. అక్కడి నూలుమిల్లు లెట్లు నడచుచుండెనో కొంచెము తెలిసికొనినగాని రెనాల్డ్ గారి పని బోధపడదు. మిల్లుకంతకు నొక పెద్ద ఆవిరియంత్ర ముండును. దాని బలమును త్రాళ్ల మూలమునను, తోలుపట్టీల మూలమునను అంతస్తులన్నిటికి గొనిపోవుదురు. ప్రతి గదిలో పైకప్పు వెంబడి పొడుగైన యినుప కడ్డీలు తిరుగుచుండును. వానినుండి మరల తోలుపట్టీలు దిగి ఒక్కొక్క యంత్రమును త్రిప్పును. తోలుపట్టీ చౌక, మెత్తన, చప్పుడు లేనిది. కాని బరువు పెరిగినచో జారును. తేమ తగిలినచో సాగును. రెండు కడ్డీలు దగ్గరగా నున్నయెడల పండ్లచక్రములు పెట్టి జారకుండ త్రిప్పవచ్చును. దూరముగా నున్నచో నది కుదురదు. దూరమునకు పట్టీవలె చేరి, పండ్లచక్రమువలె జారక పనిచేయునది చైను ఒక్కటియే. కావున కొన్ని నేతయంత్రములకు చైనులు వాడుచుండిరి. అయితే అవి త్వరగా అరిగి, పొడుగు సాగి, పండ్లమీదినుండి ఊడిపోవుచుండెను. చైను మంచిదే కాని నమ్మదగినది కాదు.

మాంచెస్టరు ప్రక్కనే, ఏటికి ఆవలి యొడ్డున, సాల్ఫర్డ్ అను పట్టణమున్నది. అక్కడ జేమ్స్ స్లేటర్ అను నాయన చిన్న కార్ఖానాలో నేతయంత్రములకు చైనులు చేయుచుండెను. ఆయన 1864లోనే తన చైనునకు హక్కుపత్రము పొందినవాడు. ఆ కార్ఖానాను 1879లో రెనాల్డ్ గారు కొనిరి. అప్పటికి వారి వయస్సు ఇరువది యేడేండ్లు. పరదేశము, కొత్త వ్యాపారము, అదియు అరిగిపోవు సరకును అమ్ము వ్యాపారము. సంవత్సరము తిరుగకమున్నే, 1880లో, వారు తమ కొత్త చైనునకు హక్కుపత్రము పొందిరి. నేడు మన సైకిళ్లకును మోటారుసైకిళ్లకును ఉన్న చైను ఆ వంశమునకు చెందినదే.

వారేమి చేసిరో చూతము. విద్యార్థులు ఈ భాగమును చదువునప్పుడు పాత చైను ముక్క యొకటి చేత పట్టుకొని చదువుట మంచిది.

చైను సాగినది యని మన మందుము గాని, ఇనుప పలక రబ్బరువలె సాగదు. పలకలు సాగి చైను పొడుగగుట లేదు. పలకలను కలుపు పిన్నులు, అవి తిరుగు రంధ్రములు అరిగి పొడుగగుచున్నది. లంకె యొకటి చక్రము చుట్టును వంగునప్పుడెల్ల పిన్ను తన రంధ్రములో కొంచెము తిరుగును. తిరిగిన చోట రాపిడి. రాపిడి యున్న చోట అరుగుదల. స్లేటరు చైనులో పిన్నుమీద రోలరు తిరుగుచుండినది వాస్తవమే. దానివలన చక్రపు పండ్లకు రాపిడి తగ్గెను. కాని పిన్ను బరువంతయు లోపలి పలకల సన్నని యంచులపైననే పడుచుండెను. పలచని అంచుతో గుండ్రని పిన్నును రాచిన నేమగును? అంచు పిన్నును కోసివేయును. పిన్ను రంధ్రమును గుడ్డు ఆకారముగా తొలుచును.

మన యెడ్లబండిని తలచుకొనుడు. చక్రపు నడిమి దుంగ జేనెడు వెడల్పు ఎందుకుండవలెను? ఒక సన్నని పలకకు రంధ్రము చేసి ఇరుసునకు తొడిగిన చాలదా? చాలదని మన వడ్రంగు లందఱు నెఱుగుదురు. అట్లు చేసినచో ఊరు దాటకమున్నే ఇరుసు తెగును, లేదా చక్రము వ్రాలును. దుంగ వెడల్పుగా నున్నందుననే బరువు ఇరుసు పొడుగునను పరచుకొని, ఒక్కచోట కొరుకకుండును. ఆ దుంగలోనికి ఇనుప గొట్టము దిగగొట్టి, ఆముదముతో కందెన చేసి పూయుదురు. రెనాల్డ్ గారు చేసినది ఇంచుమించు ఇదియే. లోపలి పలకలు రెంటిని కలుపుచు వారొక చిన్న యుక్కు గొట్టమును బిగించిరి. దానినే బుష్షు అందురు. పిన్ను ఆ గొట్టములో తిరుగును. గొట్టముమీద రోలరు తిరుగును. బయటి పలకలు పిన్నునకు బిగిసి యుండును. అనగా బయటి పలక, లోపలి పలక, పిన్ను, బుష్షు, రోలరు అని యైదు విధముల భాగములు. వానిలో నాలుగు కొత్తవి కావు. ఐదవదియైన ఈ గొట్టము బయటికి కనబడదు. రోలరు దానిని కప్పివేయును.

లెక్కకు, పలక మందము మిల్లీమీటరున్నర యనుకొందము. రెండు పలకల యంచులు కలిసి మూడు మిల్లీమీటర్లు. అదే చోట పలకలనుండి పలకలకు చేరు గొట్టము పది, పదునొకండు మిల్లీమీటర్ల పొడుగుండును. మూడు మిల్లీమీటర్లపై పడు బరువు పదింటిపై పరచుకొన్నది. అందుచే రాపిడి యొత్తిడి మూడవ వంతునకు పైగా తగ్గెను. రాపిడి లేని యంత్రమును ఎవరును చేయలేరు. రెనాల్డ్ గారు దానికి తగినంత చోటు చూపిరి.

ఆ చోటు ఎంత ముఖ్యమో యింకొక లెక్క చెప్పును. సైకిలు చైనులో పిన్నునకు పిన్నునకు నడిమి దూరము అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. మన దేశమున రోడ్లమీద తిరుగు చిన్న మోటారుసైకిళ్లలో చాలవానికిని ఈ దూరమే. ఆ చైనుల పలకపై 428 అను సంఖ్య యుండును. అందలి మొదటి 4 అర అంగుళమునకు గుఱుతు, అనగా అంగుళములో ఎనిమిదింట నాలుగు భాగములు. అట్టి చైనులో 120 లంకెలున్నవనుకొందము. మొత్తము పొడుగు 1524 మిల్లీమీటర్లు. ఒక్కొక్క కీలువద్ద మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రము అరిగినదనుడు. కంటికి కనబడని యరుగుదల. కాని 120 కీళ్లకు కలిపి 12 మిల్లీమీటర్లు! చైను దాదాపు ఒక లంకెయంత పెరిగినది. పెరిగిన చైను చక్రపు పండ్ల మొదట కూర్చుండక కొనలకు ఎగబ్రాకును. పండ్లు కొడవలి కొనవలె వంకర తిరుగును. ఆ పండ్లపై కొత్త చైను వేసినను అదియు త్వరలోనే చెడును. అందుచేతనే మోటారుసైకిలునకు చైనును, ముందు వెనుకల చక్రములను కలిపి ఒక్కసారిగా మార్చవలెనని పనివారు చెప్పుదురు. ఖర్చు రాబట్టుటకు చెప్పుచున్నారని మే మొకప్పు డనుమానించి, చైను మాత్రమే మార్పించి, ఆ డబ్బు పోగొట్టుకొన్నాము.

రెనాల్డ్ గారు నూలుమిల్లుల కొఱకు చేసిన చైను అక్కడనే నిలిచిపోలేదు. 1885లో కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ గారు రోవర్ అను సైకిలును బయలుదేర్చిరి. అంతకుమునుపు సైకిలనగా మనిషియంత యెత్తు ముందుచక్రము, దానికే బిగించిన పెడళ్లు. పడినచో తలక్రిందులుగా పడుటయే. స్టార్లీ గారు రెండు చక్రములను ఇంచుమించు సమానముగా చేసి, పెడళ్లను నడుమ పెట్టి, చైనుతో వెనుకచక్రమును త్రిప్పించిరి. చిన్న చక్రము వేగముగా తిరుగవలెనన్న పెడలుదగ్గర పెద్ద పండ్లచక్రము, వెనుక చిన్నది పెట్టిన చాలును. చైను నమ్మకముగా పనిచేయనియెడల ఈ సైకిలు లేనేలేదు. కొంతకాలము దిమ్మెల చైనులును వాడుకలో నుండెను గాని, చివరకు బుష్షు, రోలరు గల చైనే గెలిచెను. 1903లో అమెరికాలో రైటు సోదరులు మొట్టమొదట నెగురవేసిన విమానమున ఇంజనునుండి రెండు పంకాలకు బలము చేర్చినది ఇట్టి చైనులే. రెండు పంకాలు ఎదురెదురుగా తిరుగుటకై వారొక చైనును మెలిపెట్టి గొట్టములలో నడిపించిరి. వారు సైకిళ్లు బాగుచేయు అంగడి పెట్టుకొన్నవారేగదా, చైను వారికి చేతిలోని పని.

ఇంతలో రెనాల్డ్ గారు 1895లో మఱియొక విధమగు చైనును కల్పించిరి. దీనికి రోలర్లు లేవు. పలకలకే లోపలివైపు పండ్లుండి, చక్రపు పండ్లలో ఒదిగి కూర్చుండును. చప్పుడు తక్కువగుటచే దీనికి మౌనపు చైనని పేరు. విద్యుచ్ఛక్తితో తిరుగు యంత్రములకును, తరువాత మోటారుకార్ల ఇంజనులలోపలను ఇది మిక్కిలి ఉపయోగపడెను.

చైను సంగతి పక్కన పెట్టి వారి కార్ఖానా సంగతి కొంత చెప్పవలసియున్నది. మా మట్టుకు మాకు వారి చరిత్రలో ఈ భాగమే యెక్కువ ప్రియము. ఆ కాలమున ఇంగ్లండు యంత్రశాలలలో వారమునకు 53, 54 గంటల పని. తెల్లవారకముందే, ఉపవాసముతోనే, మొదటి గంటలు పనిచేసి, అటుపిమ్మట ఫలహారమునకు పోవుట వాడుక. సాల్ఫర్డులో మాథర్, ప్లాట్ గారల కర్మాగారమున 1893లో ఒక సంవత్సరము వారమునకు 48 గంటలే పనిచేయించి చూచిరి. పని తగ్గలేదు. ఆ మార్గమున నడిచిన కొలదిమంది యజమానులలో రెనాల్డ్ గారొకరు. వారు 1896లో తమ కార్ఖానాలో 48 గంటల వారమును పెట్టిరి. మఱుసటి యేడే, 1897 జూలైలో, ఎనిమిది గంటల దినము కావలెనన్న పనివారిని ఇంగ్లండునందలి యంత్రశాలల యజమానులు బయటపెట్టి తాళములు వేసిరి. ఆ పోరాటము 1898 జనవరి వరకు సాగి, పనివారు ఓడిపోయి మరలివచ్చిరి. పనివారు పోరాడి పొందలేకపోయిన దానిని రెనాల్డ్ గారు ఎవరు నడుగకమున్నే తమ కార్ఖానాలో ఇచ్చి యుండిరి. పనివారికి భోజనశాల కట్టించిరి; వారి వినోదములకు సంఘము నేర్పఱచిరి.

వారు మెత్తని మనిషియని మాత్రము పాఠకులు తలపకుందురు గాక. కొలతలో వెంట్రుకవాసి తప్పినను సహింపనివారు. తమ కుమారుడగు చార్లెస్ గారిని అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు పంపి యంత్రవిద్య చదివించిరి. అమెరికాలో టేలర్ అను నాయన ప్రతి పనిని గడియారముతో కొలిచి కార్ఖానాలను నడుపు పద్ధతిని బోధించుచుండగా, ఇంగ్లండులో దానిని మొదట అవలంబించిన కొలది సంస్థలలో వీరిది యొకటి. పనివానిచేతి కదలికలను గడియారముతో కొలుచుట యెంతవరకు మంచిదో మేము చెప్పలేము. ఆ పద్ధతిని పనివారు పలుచోట్ల ద్వేషించిరి. కాని రెనాల్డ్ వారి కార్ఖానాలో మొదటి మహాయుద్ధ కాలముననే పనివారి ప్రతినిధులతో యాజమాన్యము కూర్చుండి మాటలాడు సభ లేర్పడినవి. చార్లెస్ గారు తరువాత సర్ బిరుదమును పొందిరి. అట్టి సభల ముప్పదియేండ్ల యనుభవమును గూర్చి యొక గ్రంథమును వ్రాసిరి.

ఇక మోటారుసైకిలు సంగతి. ఇరువదవ శతాబ్ది యారంభమున మోటారుసైకిళ్లలో చాలవానికి తోలుపట్టీలే యుండెను. వానలో తడిసినచో పట్టీ జారును. ఎత్తెక్కునప్పుడు నడిపించువాడు దిగి త్రోయవలసివచ్చును. చైను వాడిన వారును లేకపోలేదు. యార్కుషైరులో ఫెలన్, మూర్ గారలు మొదటినుండియు చైనునే నమ్మిరి. 1911లో మాన్ దీవియందు కొండదారిలో మొదటిసారి పందెము జరిగినప్పుడు, అమెరికానుండి వచ్చిన ఇండియన్ అను చైను బండ్లు పెద్దపందెమున మొదటి మూడు స్థానములను గెలుచుకొనెను. అటుపిమ్మట పట్టీని సమర్థించువారి గొంతు క్రమముగా తగ్గెను.

అయితే చైనునకు పోటీ పట్టీ యొక్కటియే కాదు. 1890ల చివరనే అమెరికాలోను ఫ్రాన్సులోను చైను లేని సైకిళ్లు వచ్చినవి. వానిలో చైనునకు బదులు పొడుగైన కడ్డీ, దాని రెండు చివరలను వాలుపండ్ల చక్రములు. కొన్నియేండ్లు అందఱును వాని వెంట బడిరి. త్రొక్కుట బరువు, ధర యెక్కువ, చెడినచో బాగుచేయుట కష్టము. ఆ సైకిళ్లు మెల్లగా మరుగుపడెను. మోటారుసైకిళ్లలో మాత్రము ఆ కడ్డీ, అనగా షాఫ్టు, నిలదొక్కుకొనెను. బెల్జియము దేశపు ఎఫ్.ఎన్. సంస్థ 1905లో నాలుగు సిలిండర్ల బండికి షాఫ్టు పెట్టెను. 1923లో జర్మనీలో మాక్స్ ఫ్రిట్జ్ గారు నిర్మించిన బి.ఎం.డబ్ల్యు. మొదటి బండి, అనగా ఆర్ 32, షాఫ్టుతోనే నడిచెను. ఆ సంస్థవారి పెద్దబండ్లలో నేటికిని షాఫ్టులు కలవు.

చైను మేలా, షాఫ్టు మేలా యని విద్యార్థులు వాదులాడుకొనుట మేము విన్నాము. షాఫ్టు ఇనుప గొట్టములో మూసియుండును. దుమ్ము చేరదు, వాన తగులదు, చాలకాలమునకు ఒకసారి లోపలి నూనె మార్చిన చాలును. వస్త్రములపై నూనె చిట్లదు. దూరప్రయాణికునికి ఇంతకంటె సుఖమేమి కావలెను? కాని దాని బరువెక్కువ, వెల యెక్కువ. బలము వాలుపండ్లలో మలుపు తిరుగునప్పుడు చైనులోకంటె కొంచె మెక్కువ వ్యర్థమగును. శుభ్రమైన చైనులో నూటికి రెండు మూడు పాళ్లకు మించి పోదు. పూర్వపు షాఫ్టు బండ్లలో వేగము పెంచినప్పుడు వెనుకభాగము పైకి లేచుట కూడ నుండెను. చైను బండికి ఇంకొక సౌకర్యమున్నది. ముందు 14 పండ్లు, వెనుక 42 పండ్లు ఉన్నచో మూడు చుట్లకు ఒక చుట్టు. ముందు 15 పండ్ల చక్రము వేసితిమా, రెండుముప్పాతికకు కొంచె మెక్కువ చుట్లకు ఒక చుట్టగును. కొద్ది డబ్బుతో బండి స్వభావమే మారును. షాఫ్టు బండిలో ఇట్లు చేయుట సులభము కాదు. పల్లెలో చైను తెగినచో సైకిళ్ల అంగడివాడైనను ఏదో యొక లంకె వేసి యిల్లు చేర్చగలడు. షాఫ్టు విరిగినచో బండిని లారీమీద నెక్కింపవలసినదే. మా యభిప్రాయ మడిగినచో, షాఫ్టు బండి కొనువాడు శ్రమకు బదులు ముందుగానే డబ్బు చెల్లించుచున్నాడు. చైను బండి కొన్నవాడు ఆ డబ్బు మిగుల్చుకొని, శ్రమ బాకీ పడినాడు. మనలో చాలమంది ఆ బాకీ తీర్చుట లేదు.

అది తీర్చు విధమును రెనాల్డ్ గారి గొట్టమే చెప్పును. అరుగునది పిన్నునకు బుష్షునకు నడుమ. కావున నూనె చేరవలసినదియు నక్కడికే. పైపైన గరిటెలతో పోసినందువలన లాభము లేదు. నూనెలో మన యెఱ్ఱమన్ను కలిసినచో అది సాన పట్టు పిండి యగును. ముందు కిరసనాయిలులో ముంచిన మెత్తని కుంచెతో చైనును కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. తరువాత చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు, చైను క్రిందివరుస లోపలివైపున, లోపలి పలక బయటి పలక కలియు సందున, ఒక్కొక్క బొట్టు వేయవలెను. లోపలివైపున వేసిన నూనె, చైను తిరుగునప్పుడు బయటికి పోవ యత్నించుచు కీలులో దూరును. బండి నడిపి వచ్చినవెంటనే, చైను వెచ్చగా నున్నప్పుడు వేసి, రాత్రియంతయు నిలువనిచ్చి, ఉదయము పైనున్న నూనెను తుడిచివేయుట శ్రేష్ఠము. నేటి పెద్ద మోటారుసైకిళ్ల చైనులలో పలకల నడుమ రబ్బరు వలయములుండి, కార్ఖానాలో పెట్టిన కందెనను లోపలనే బంధించును. అట్టివానిని పెట్రోలుతోగాని ఇనుపకుంచెతోగాని కడుగరాదు, వలయములు చెడును.

చైను బిగువును చూచుకొనవలెను. చక్రమును త్రిప్పుచు ఎక్కువ బిగువుగా నున్నచోట క్రిందివరుసను వ్రేలితో పైకి క్రిందికి కదపినచో, చిన్నబండ్లలో సాధారణముగ 20 నుండి 30 మిల్లీమీటర్లు ఆడవలెను. సరియైన సంఖ్య బండితో నిచ్చిన పుస్తకములో నుండును. వీణ తీగవలె బిగించుట ప్రమాదము. గుంటలో పడి వెనుకచక్రము పైకి లేచినప్పుడు చైను ఇంకను బిగిసి, బేరింగులను పాడుచేయును. కలుపు లంకెకు వేయు స్ప్రింగు క్లిప్పు మూసియున్న కొన చైను నడచు దిక్కునకు ఉండవలెను. తెఱచిన కొన ముందుండినచో దేనికైన తగిలి ఊడిపోవును.

ఇంజను నడచుచుండగా చైనును ముట్టరాదు. గేరులో వేసి చక్రము తిరుగుచుండగా గుడ్డతో తుడిచినచో పని త్వరగా నగునని మా యెఱుకలో నొక యువకుడు తలచెను. గుడ్డను చైను లాగుకొనినది, గుడ్డతోకూడ వ్రేలును. అతడు నేడు చూపుడువ్రేలి మొన లేకుండ కలము పట్టుచున్నాడు. తలిదండ్రులు ఈ సంగతిని ఇంట చదివి వినిపింతురు గాక.

రెనాల్డ్ గారి వ్యాపారము పెరిగి, మాంచెస్టరు దక్షిణమున బర్నేజ్ అనుచోట పెద్ద కర్మాగార మేర్పడెను. 1930లో వారి సంస్థయు, కవెంట్రీలోని చైనుల సంస్థయు నేకమైనవి. పరదేశియై వచ్చి, చిన్న కార్ఖానాతో మొదలిడిన రెనాల్డ్ గారు రెండవ మహాయుద్ధము జరుగుచుండగా 1943లో, తొంబదవ యేట, కాలధర్మము నొందిరి. ఆనాడు ఇరుపక్షముల సైన్యములలోను వార్తలు గొనిపోవు మోటారుసైకిళ్లు తిరుగుచుండెను. వానిలో ఎక్కువ వానికి చైనులే. జర్మనుల కొన్ని బండ్లకు షాఫ్టులు.

పాత చైనులోని యొక లంకెను విప్పి, ఐదు భాగములను అట్టపై కుట్టి, పేర్లు వ్రాసి, మా తరగతి గోడకు తగిలించితిమి. అందు బుష్షు ఒకవైపున ఎంత అరిగియున్నదో వ్రేలితో తడిమి చూడవచ్చును. కిరసనాయిలు సీసా, కుంచె, నూనె డబ్బా సైకిళ్ల పాకలో కుడివైపు గూటిలో పెట్టించితిమి. శనివారము బడి విడిచిన తరువాత మేము అక్కడ నుందుము. మొదట మా బండి చైనునే కడుగుదుము.